మలుపు అవతలి బల్ల

వడ్రంగి బస్సు దిగేసరికి సాయంత్రపు ఎండ ఇంకా మేడల పైఅంతస్తుల మీద ఉంది. చేతిలో ఒక సంచీ, చంకలో ఒక గొడుగు. మబ్బు తునకైనా లేని రోజున గొడుగెందుకని భార్య అడిగితే, "పట్నం వానకి నేనెవరో తెలీదు కదా" అన్నాడు. ఇల్లు కదిలేలోగా అతను మాట్లాడిన మాటల్లో పొడుగైంది అదే.

మిగతాదంతా ఆవిడే మాట్లాడింది.

"మీ చెల్లెల్ని వెంటబెట్టుకుని మరీ రండి. మన వీధి టైలరు కళ్లారా చూసొచ్చాడు. దుకాణంలో నరమానవుడు లేడట, ఈగలు తోలుకుంటూ కూర్చుందట. ఇక్కడ మిల్లాయన క్యాంటీన్లో వంటకి మనిషి కావాలంటున్నాడు. ఆవిడైతే కళ్లకద్దుకుని పెట్టుకుంటాడట. రేపు సాయంత్రంలోగా ఔనో కాదో చెప్పాలి. మీరు అక్కడికెళ్లి బెల్లం కొట్టిన రాయిలా కూర్చోకండి. నోరు విప్పి చెప్పండి."

అతను తలూపాడు. ఆ తల ఊపులో ఒప్పుకోలు ఎంతో, ఊరికే ఊపడం ఎంతో ఆవిడ ఒక్కతికే తెలుసు. అందుకే బస్సు కదిలేదాకా కిటికీ పక్కనే నిలబడి అదే మాట ఇంకోసారి చెప్పింది.

టైలరు మాట వడ్రంగికి ముల్లులా గుచ్చుకుంది. ఎందుకంటే ఊళ్లో అతను ఒకే ఒక్కసారి గొప్పలు పోయాడు. చెల్లెలి దుకాణానికి బల్లా బెంచీలూ చేసి లారీకెక్కించిన రోజున, ఎక్కడికని డ్రైవరు అడిగితే, నలుగురూ వినేలా, "పట్నంలో, పాతవీధిలో, మా చెల్లెలి భోజనశాలకి" అన్నాడు. మాటకారి ఎవడైనా అని ఉంటే జనం మర్చిపోయేవాళ్లు. మాట్లాడనివాడు అన్న మాట కాబట్టి ఊరంతా గుర్తుపెట్టుకుంది.

పాతవీధికి దారి అడగాల్సిన పని పడలేదు. జనం అటే పోతున్నారు. వీధి మొదట్లో రాతి స్తంభాలు అడ్డంగా పాతి ఉన్నాయి, బండ్లు లోపలికి రాకుండా. లోపల నేలంతా బండరాళ్లు. వందల ఏళ్లు మనుషులూ గిత్తలూ తొక్కి తొక్కి ఆ రాళ్లు అరిగి, అరచెయ్యి లోపలి భాగంలా నున్నబడ్డాయి. ఒకప్పుడు వర్తకుల గోదాములట అవన్నీ. చూరుల కింద బస్తాలు పైకి లాగిన ఇనుప కొక్కేలు ఇంకా వేలాడుతూనే ఉన్నాయి. ఇప్పుడు వాటికి దీపాల దండలు కట్టారు. కింద ప్రతి గుమ్మమూ ఒక భోజనశాలో, పానశాలో, పాటలశాలో. పొద్దు వాలకముందే దీపాలు వెలిగాయి. ఒక తలుపులోంచి వాయిద్యం, ఇంకో తలుపులోంచి నవ్వులు, మూడో తలుపులోంచి ఏదో కాలుతున్న కమ్మటి వాసన.

జనమంతా పళ్లేల వైపు చూస్తున్నారు. వడ్రంగి తలుపుల వైపు చూశాడు.

అలాంటి తలుపులు అతను జన్మలో చూడలేదు. ఏనుగు వచ్చి గుద్దినా చలించనంత మందం. ఎక్కడా మేకు తల కనపడదు. ఒక తలుపు దగ్గర ఆగి, ఎవరూ చూడటం లేదని రూఢి చేసుకుని, అతుకు మీద గోరు పెట్టి లాగాడు. గోరు ఆగలేదు. దీన్ని చేసినవాడు ఎవడో, వాడి పేరు వీధిలో ఎవరికీ తెలిసుండదు. అయినా వాడు చేసిన తలుపు తోసుకునే ఇంతమందీ లోపలికి పోతున్నారు. వడ్రంగికి తన సొంత తాతని ఎవరో మెచ్చుకున్నట్టు ఛాతీ కొంచెం పొంగింది.

తలుపుల మీంచి బల్లల మీదకి చూపు దిగాక ఆ పొంగు అణిగింది.

వీధి పొడుగునా, గుమ్మాల ముందు, గుండ్రటి చిన్న చిన్న బల్లలు. ఇద్దరి మోకాళ్లు కూడా సరిగ్గా పట్టనివి. ఒక్కో బల్లకి రెండేసి కుర్చీలు. ఇద్దరు, ఇద్దరు, ఇద్దరు. మూడోవాడికి చోటు ఉన్న బల్ల ఒక్కటీ కనపడలేదు. అతను చెల్లెలికి చేసి పంపింది ఒకే ఒక పొడుగాటి బల్ల. దానికి అటొక బెంచీ, ఇటొక బెంచీ. వాళ్ల ఇంట్లో ఉన్నదానికి నకలు. పదిమంది ఒకరి మోచెయ్యి ఒకరికి తగిలేలా కూర్చుని తినే బల్ల. తినడమంటే అతనికి తెలిసిన పద్ధతి అదే మరి.

వీధి వంపు తిరిగే చోట, మూలమీది దుకాణం ముందు, ఒకతను గొంతు చించుకుని అరుస్తున్నాడు. ఎర్రకోటు, మెడలో కండువా. వీధిలో ప్రతి దుకాణానికీ ఇలాంటి కేకలవాడు ఒకడున్నాడు గానీ, ఇతని గొంతు ముందు తక్కినవాళ్లు గుసగుసలాడుతున్నట్టే. అందరూ ఇతన్ని 'గంట' అంటారని పక్క దుకాణంవాడు విసుక్కుంటూ పిలిచిన పిలుపులోనే తెలిసింది.

"రండి బాబూ రండి! వేడివేడిగా, చల్లచల్లగా! కూర్చుంటే లేవబుద్ధి కాదు, లేస్తే నడవబుద్ధి కాదు! ఏం పెద్దాయనా, గొడుగు మూలన పెట్టి కూర్చోండి, మా దగ్గర వాన పడదు!"

"మలుపు అవతల ఒక భోజనశాల ఉందట" అన్నాడు వడ్రంగి.

"ఉంది, ఉంది. ఉండటానికేం, శ్మశానం కూడా ఉంటుంది ఊరికి. జనం ఇక్కడిదాకా వచ్చి వెనక్కి తిరుగుతారండీ, ఆ వంపు దాటరు. పైగా ఆవిడ చేసిన పనేంటో తెలుసా? సత్రంలో వేసినట్టు ఇంత పొడుగు బల్ల వేసింది! సరదాగా ఇద్దరే వచ్చినవాళ్లు ముక్కూ మొహం తెలియనివాడి పక్కన కూర్చుంటారా? ఏ బుర్ర తక్కువవాడు చేశాడో ఆ బల్ల!"

వడ్రంగి గొడుగు ఈ చంకలోంచి ఆ చంకలోకి మార్చుకుని మలుపు తిరిగాడు.

అవతల వీధి ఒక్కసారిగా సద్దుమణిగింది. దీపాల దండలు మూలతోనే ఆగిపోయాయి. కొంచెం దూరంలో ఒక గుమ్మం మీద ఒక్క దీపం. దాని కింద అతని బల్ల. తుడిచి తుడిచి మెరుస్తోంది. ఈగ కూడా లేదు. టైలరు అక్కడికి కొంచెం ఎక్కువే చెప్పాడు.

"అన్నయ్యా!"

చెల్లెలు లోపల్నుంచి గరిటెతోనే వచ్చింది. చిన్నప్పుడు ఒక చోట నిలవకుండా గెంతేదని ఆమెకి 'పిచ్చుక' అని పేరు పెట్టింది అతనే. ఇప్పుడు ఆ పిచ్చుక గుమ్మానికి నిండుగా ఉంది. జుట్టు పైకి ముడేసి, నుదుట చెమటతో, పొయ్యి వేడికి బుగ్గలు ఎర్రబడి, అచ్చం వాళ్లమ్మలా.

"వదిన పంపిందా?"

"ఊఁ."

"మిల్లు క్యాంటీనా?"

"ఊఁ."

"రేపటికల్లానా?"

"సాయంత్రంలోపు."

"అమ్మో, ఎంత మాట్లాడావో! కూర్చో, అలిసిపోయుంటావ్." నవ్వింది గానీ, నవ్వు కళ్లదాకా రాలేదు. గరిటె తిప్పుతూ వీధి వైపు చూసింది. "అబద్ధం చెప్పను. ఒకళ్లిద్దరు వస్తారు, ఒక్కోరోజు అదీ లేదు. రోజూ ఒకటే కూర వండుతాను, అది మాత్రం నాకు నచ్చేలా వండుతాను. రాత్రి దాకా చూసి, మిగిలింది పంచిపెట్టేస్తాను."

"ఆ మూల కేకలాయన..."

"గంటా? వాడి నోట్లో నోరు పెట్టకు." పిచ్చుక బెంచీ చివర కూర్చుంది. "నేనూ మొదట్లో ఒకణ్ణి పెట్టాను, కేకలెయ్యడానికి. వాడు ఒకాయన్ని చెయ్యి పట్టుకుని లాక్కొచ్చి కూర్చోబెట్టాడు. ఆయన తిన్నాడు. తిన్నంతసేపూ వీధి వంకే చూశాడు, ఎప్పుడు బయటపడదామా అని. నేను వండింది ఎవరైనా అలా తింటే నాకు ఒళ్లు మండిపోతుంది అన్నయ్యా. ఆ రోజే వాణ్ణి మానిపించేశా. నా గుమ్మంలో కేక వినపడకూడదు. తినాలని ఉన్నవాడు తనంతట తను రావాలి. లేదంటే మానెయ్యాలి."

వడ్రంగి బల్ల అంచు మీద చెయ్యి ఆన్చాడు. చిత్రిక పట్టినప్పుడు ఎంత నున్నగా ఉందో ఇప్పుడూ అంతే ఉంది.

"బల్ల పొడుగైందా?" అన్నాడు.

"ఎవరన్నారు?"

అతను మలుపు వైపు చూశాడు.

"బల్ల జోలికి రాకు. కోసి చిన్నవి చేయించుకోమని చెవిలో ఇల్లు కట్టుకుని పోరారు అందరూ. ఒకడైతే రంపం పట్టుకుని వచ్చేశాడు. వాకిట్లోంచే పంపేశా." లేచింది. కాసేపు గరిటె వంక చూసి, "ఇవాళ చూద్దాం. ఇవాళ కూడా ఈ బల్ల ఇలాగే ఖాళీగా ఉంటే, రేపు నీతో బస్సెక్కుతాను. ఏడవను, గొణగను. మిల్లాళ్లకే వండుతాను. ముందు నువ్వు తిను. ఒక్కడైనా తినకపోతే గిన్నె మొహం చూడలేకపోతున్నాను" అంది.

పళ్లెం తెచ్చి పెట్టింది. చిక్కుడుగింజల పులుసు, పక్కన అప్పుడే పెనం మీంచి దించిన రొట్టె. గింజ నలిగిపోకుండా, గట్టిగా ఉండకుండా, వేలికి వెన్నలా తగిలింది. నిప్పుల మీద నల్లగా కాల్చిన ఉల్లిపాయ వాసన అడుగున ఎక్కడో ఉంది. వడ్రంగి మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని కళ్లు మూసుకున్నాడు. బాగుందని చెప్పాలనుకున్నాడు. ఈలోగా పిచ్చుక లోపలికి వెళ్లిపోయింది.

సరిగ్గా అప్పుడే ఒక ముసలాయన, ఆయన భార్య మలుపు తిరిగి వచ్చారు. ఆవిడ మోకాలు పట్టుకుని కుంటుతోంది. "కూర్చోవడానికి చోటే లేదు, మనల్నెవరు రమ్మన్నారు ఈ సంతకి" అని సణుగుతోంది. ఇద్దరూ బల్ల ముందు నుంచి పోబోతూ అతన్ని చూశారు. అతనూ వాళ్లని చూశాడు.

అతని ఊళ్లో అరుగు మీద కూర్చుని తింటున్న మనిషి, దారిన పోయేవాడు కంటబడితే, "రండి, భోంచేద్దాం" అనకుండా ముద్ద నోట పెట్టడు. దారిన పోయేవాడు, "ఇప్పుడే అయింది, మీరు కానివ్వండి" అనకుండా అడుగు ముందుకెయ్యడు. పొద్దుట్నుంచీ పస్తులున్నా సరే ఆ మాటే అంటాడు. ఈ రెండు మాటలూ అక్కడ ఎవరూ ఎవరికీ నేర్పరు. తుమ్ము వెనక చిరంజీవలా అవి వాటంతటవే వస్తాయి.

"రండి, భోంచేద్దాం" అన్నాడు వడ్రంగి.

అని, రెండో మాట కోసం ఆగాడు.

"ఏం కూరండీ?" అన్నాడు ముసలాయన.

ముద్ద చేతిలోనే ఉండిపోయింది. పుట్టి బుద్ధెరిగాక ఆ మాటకి ఆ జవాబు అతను వినలేదు. రమ్మన్న నోటితో పొమ్మనడం అతని వంశంలో లేదు. "చిక్కుడుగింజలు" అన్నాడు ఎలాగో.

"చిక్కుడుగింజలట!" అంది ముసలావిడ, మోకాలి సంగతే మర్చిపోయి. వడ్రంగి జరిగి చోటిచ్చాడు. తల లోపలికి పెట్టి, "పిచ్చుకా, ఇద్దరు" అన్నాడు. లోపల ఏదో గిన్నె చేతిలోంచి జారిన చప్పుడైంది.

ముసలాయన రైళ్లలో గార్డుగా చేసి మానేసినవాడు. పళ్లెం రాకముందే తన సర్వీసంతా చెప్పడం మొదలుపెట్టాడు. ముసలావిడ మధ్యలో తప్పులు దిద్దుతోంది. వడ్రంగి మళ్లీ ముద్ద కలిపాడు. ఈసారి తలెత్తకూడదనుకున్నాడు. కానీ ఎదురుగా అడుగులు ఆగిన చప్పుడైతే తలెత్తకుండా ఎలా ఉంటాడు? పెద్ద డ్రమ్ము వీపున మోస్తూ ఒక కుర్రాడు, పక్కన మెరుపుల బట్టలేసుకున్న పాటలమ్మాయి. వీధిలో ఎక్కడో వాయించడానికి పోతున్నారు.

"రండి, భోంచేద్దాం" అన్నాడు, ఈసారైనా జవాబు సరిగ్గా వస్తుందనే ఆశతో.

"ఎవరూ మమ్మల్ని తినమననే అనరండీ, వాయించమంటారంతే!" అన్నాడు కుర్రాడు. డ్రమ్ము దించేశాడు.

ఆ తర్వాత డ్యూటీ దిగి వస్తున్న నర్సులు ముగ్గురు. వాళ్లు అతను మాట పూర్తి చేసేలోపే కూర్చున్నారు. వడ్రంగి జరుగుతూ జరుగుతూ బెంచీ చివరికొచ్చాడు, ఒక కాలు బయటే ఉంది. పళ్లెంలో రొట్టె సగం అలాగే ఉంది.

లోపల పిచ్చుక రెక్కలొచ్చినట్టే తిరుగుతోంది. రొట్టె పొంగగానే తీసి బుట్టలో వెయ్యడం, బుట్ట బయటికి పంపడం, పులుసులో మరో గరిటెడు వేడినీళ్లు పోసి రుచి చూసి తల అడ్డంగా ఊపడం, మళ్లీ ఉల్లిపాయ కాల్చి వెయ్యడం. బయట ఒకరి పళ్లెంలోకి ఒకరు తొంగి చూసుకుంటున్నారు.

"అమ్మాయ్, ఆ అంచు ముక్క తిననంటే ఇలా పడెయ్" అంది ముసలావిడ నర్సుతో.

"నేనెందుకు తినను? దాచుకున్నాను, చివర్లో తిందామని."

"నా మోకాలు చూస్తావేంటి కాస్త?"

"తిననిస్తే చూస్తా."

"ఈవిడ మోకాలు చూడని నర్సు ఈ ఊళ్లో లేదు" అన్నాడు గార్డు. బల్లంతా నవ్వింది. ముక్కూ మొహం తెలియనివాళ్ల మోచేతులు ఒకదానికొకటి తగులుతున్నాయి. ఎవరూ వెనక్కి తీసుకోలేదు. డ్రమ్ము కుర్రాడు తనకి తెలియకుండానే బల్ల మీద వేళ్లతో దరువేశాడు. బల్ల చక్కగా పలికింది. మంచి చేవ ఉన్న చెక్క. వడ్రంగి ఆ చప్పుడు విని మీసం దువ్వుకోబోయి, చెయ్యి ఎంగిలని గుర్తొచ్చి ఆగాడు.

ఆ నవ్వులు వినే కాబోలు, మూల మీంచి ఎర్రకోటు కనపడింది. గంట వచ్చి, నడుం మీద చేతులేసుకుని, బల్లని ఈ చివర నుంచి ఆ చివరకి చూశాడు.

"గురువుగారూ! మీరు మనవాళ్లేనని అప్పుడే చెప్పొచ్చుగా! నేను పిలిస్తే తల తిప్పుకుపోయిన జనం వీళ్లు. ఏమన్నారు వీళ్లతో? ఆ మంత్రమేదో నా చెవిన కూడా ఊదండి."

"భోంచేద్దాం రమ్మన్నాను."

"అంతేనా? సంగీతం, చల్లగాలి, ఏమీ చెప్పలేదూ?"

"లేదు."

"చెప్పరు లెండి. వృత్తిలో గుట్టు ఎవరు చెబుతారు." అని, రొట్టెల బుట్టతో గుమ్మంలోకి వచ్చిన పిచ్చుకని చూసి గొంతు విప్పాడు. "అమ్మా, ఒప్పుకున్నాను! కేకలాయన్ని పెడితే ఇలాంటివాణ్ణి పెట్టాలి! ఎక్కణ్ణుంచి పట్టుకొచ్చారు ఈయన్ని?"

పిచ్చుక బుట్ట బల్ల మీద పెట్టింది. ఆమె మొహంలో ఎరుపు పొయ్యిది కాదు.

"అన్నయ్యా, ఒక్కసారి లోపలికి రా."

వంటగదిలో ఇద్దరు మనుషులు నిలబడితే మూడో మనిషికి చోటు లేదు. ఆమె పొయ్యి మంట తగ్గించి, అతని మొహంలోకి చూసింది.

"నువ్వు పిలిచావా వీళ్లని?"

"పిలిచాను."

"అందరినీ?"

"ఊఁ."

"నేను ఏం చెప్పాను నీకు? ఇందాకే కదా చెప్పాను? నేను లోపల ఎగిరి గంతులేస్తున్నాను తెలుసా, నా వాసన పట్టుకుని వచ్చారని! పిచ్చి సంతోషం!" చేతిలో గుడ్డ విసిరికొట్టింది. "పోనీలే పాపం, చెల్లెలు బతకాలి అనుకున్నావా? నా గుమ్మంలో నా అన్నే కేకలేశాడన్నమాట!"

"కేకెయ్యలేదు."

"మరి?"

వడ్రంగి గొంతు సవరించుకున్నాడు. వాడకపోవడం వల్ల తుప్పుపట్టిన తాళంలా ఉంటుంది అతని గొంతు ఇలాంటప్పుడు.

"తింటున్నాను. ఎదురుగా మనిషొచ్చాడు. రమ్మనకుండా ఎలా తిననే? రమ్మన్నాను. ఇప్పుడే అయిందంటారనుకున్నాను. ఒక్కడూ అనలేదు. ఏం కూర అన్నాడు ఆ పెద్దాయన."

పిచ్చుక భుజాలు కదిలాయి. ఏడుస్తోందేమోనని అతను గాభరాపడ్డాడు. నవ్వుతోంది. గోడకి ఆనుకుని, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, కళ్లలో నీళ్లొచ్చేలా నవ్వుతోంది.

"ఇక్కడ ఆ మాట ఎవరికీ తెలీదన్నయ్యా... రమ్మంటే వచ్చేస్తారు ఇక్కడ..."

"తెలిసింది."

నవ్వు ఆగాక కళ్లు తుడుచుకుంది. మొహం మళ్లీ గంభీరంగా మారింది. "అయినా లెక్కలోకి రాదు. వాళ్లు నీ మొహం చూసి వచ్చారు. నువ్వు వెళ్లాక రేపు ఎవరొస్తారు? రేపు బస్సుకి సర్దుకుంటాను. మాటంటే మాటే."

వడ్రంగి గుమ్మంలోంచి బయటికి చూశాడు. ముసలావిడ పళ్లెం అడుగున మిగిలిన పులుసుని రొట్టెముక్కతో ఊడ్చి తుడుస్తోంది. పాటలమ్మాయి వేళ్లు నాకుతోంది. ఒక్కరి చూపూ వీధి మీద లేదు.

"నన్ను చూసి వచ్చారు. సరే" అన్నాడు. "నన్ను చూసి మళ్లీ పెట్టించుకోలేదుగా? గార్డుగారు మూడోసారి అడిగారు. ఆ డ్రమ్ములవాడు వాయించడానికి పోవాలి, ఆలస్యమవుతోందని ఆ పిల్ల ఇందాకట్నుంచీ గిల్లుతోంది. లేవటం లేదు. రమ్మన్నది నేను. లేవనివ్వనిది నువ్వు." ఇంకో మాట కూడా బయటికి తీశాడు. "అమ్మ కన్నా బాగా వండావే."

పిచ్చుక అతన్ని చూస్తూ నిలబడింది. ఈ మనిషి ఈ మాట అనడానికి ఇన్నేళ్లు పట్టింది. ఆమె పొయ్యి వైపు తిరిగి పులుసుని మళ్లీ ఒకసారి కలిపింది.

బయట గార్డు లేచి నిలబడి జేబు తడుముకుంటున్నాడు. ఆమె గుమ్మంలోకి వచ్చింది.

"వద్దు పెద్దాయనా. మీరందరూ మా అన్నయ్య పిలిస్తే వచ్చినవాళ్లు. పిలిచి పెట్టిన భోజనానికి నేను డబ్బు పుచ్చుకోను."

"అదేం న్యాయమమ్మా?"

"మా ఇంటి న్యాయం."

గార్డు భార్య వంక చూశాడు. ఆవిడ చెయ్యి కడుక్కుంటూనే తీర్పు చెప్పింది. "అయితే రేపు పిలవకుండా వస్తాం. అప్పుడు పుచ్చుకోకపోతే ఊరుకోను. రేపేం కూర?"

పిచ్చుక అన్న వంక చూసింది. రేపు ఈ వేళకి మిల్లాయనకి మాట చెప్పేసి ఉండాలి.

"గుమ్మడికాయ" అంది నెమ్మదిగా.

"గుమ్మడికాయ నాకు పడదు" అన్నాడు గార్డు.

"ఆయనకి పడుతుంది లే" అంది ముసలావిడ.

ఈలోగా బల్ల అవతలి చివర ఎవరో వేళ్లతో టకటకమని కొట్టారు. "ఇక్కడ కూర్చోవచ్చాండీ? ఎవరైనా వస్తారా పెట్టడానికి?" ఒక మగమనిషి, ఒక ఆడమనిషి. నర్సులు జరిగి ఇచ్చిన చోట్లో అప్పటికే సగం కూర్చున్నారు.

పిచ్చుక గిర్రున అన్న వైపు తిరిగింది. "నువ్వు పిలిచావా?"

"నేను ఇక్కడే ఉన్నాను కదే."

"గంటా, నువ్వా?"

గంట రెండు చేతులూ పైకెత్తాడు. "నా కొలువు పోతుంది తల్లీ, మీ బల్లకి పిలిస్తే! అసలు వీళ్లు నన్ను తోసుకుని వచ్చారు. మా గుమ్మం ముందు నిలబడి, అక్కడ అంత నవ్వుతున్నారేంటి అని అడిగి మరీ వచ్చారు."

పిచ్చుక తడిచెయ్యి నడుముకి తుడుచుకుంది. వచ్చినవాళ్ల ముందు పళ్లేలు పెట్టింది. అన్న పక్క నుంచి లోపలికి పోతూ, ఆగకుండానే అంది. "రేపు బస్సుకి నువ్వొక్కడివే."

"ఊఁ" అన్నాడు వడ్రంగి.

గంట తిరిగి తన మూలకి పోయాడు గానీ ఊరుకోలేదు. కాసేపటికి చేతిలో ఒక రొట్టెముక్క పట్టుకుని, కొరుకుతున్నట్టు నటిస్తూ, వచ్చేపోయేవాళ్లని వంగి వంగి, "రండి, భోంచేద్దాం!" అనడం మొదలుపెట్టాడు. ఒకతను ఆగి, "ముందు ఆ నోట్లోది మింగవయ్యా" అని పోయాడు.

ఫోను మోగింది. భార్య.

"చెప్పారా? బయల్దేరుతోందా?"

"లేదు."

"అయ్యో రాత! మరి మిల్లాయనకి ఏం చెప్పను?"

"వేరే మనిషిని చూసుకోమను."

"అంటే? దుకాణం నడుస్తోందా ఏంటి? టైలరు అలా చెప్పాడే?"

దానికి ఎన్ని మాటలు కావాలో అతనికి తోచలేదు. ఫోను చెవి మీంచి తీసి బల్ల వైపు చాపి పట్టుకున్నాడు. పళ్లేల చప్పుడు, నర్సుల నవ్వు, మూడో స్టేషను దగ్గర రైలు ఎందుకు ఆగిందో గార్డు చెబుతున్న కథ, అది రెండో స్టేషనని ముసలావిడ కేక, మధ్యలో "ఇంకో రొట్టె వేయించుకోండి, వేడిది" అంటున్న పిచ్చుక గొంతు. అవన్నీ వెళ్లాల్సినంత దూరం వెళ్లాక మళ్లీ చెవి దగ్గర పెట్టుకున్నాడు.

అవతల కాసేపు మాట లేదు. పెళ్లయినప్పట్నుంచీ అలా జరగడం అదే మొదలు.

"టైలర్ని పిలవనా?" అంది చివరికి. "వాడికీ వినిపించండి."

"ఊఁ" అన్నాడు. ఈ ఊఁ లో నూటికి నూరుపాళ్లూ ఒప్పుకోలే.

వీధిలో దీపాలు ఇప్పుడు జోరుగా వెలుగుతున్నాయి. అతను ఫోనులో ఉండగానే ఇంకో ముగ్గురు వచ్చి బల్ల దగ్గర ఇరుక్కుని కూర్చున్నారు, మలుపు దగ్గర మరో ఇద్దరు ఆగి ఇటు చూస్తున్నారు. వడ్రంగి తన పళ్లెం కోసం వెతికాడు. రొట్టె చల్లబడి ఉంది, పులుసు చిక్కబడింది, ఎవరో దాన్ని పక్కకి నెట్టి తమ పళ్లెం పెట్టుకున్నారు. కూర్చుందామని ఈ బెంచీ చూశాడు, ఆ బెంచీ చూశాడు. జానెడు చోటు లేదు. తన చేత్తో కోసి, చిత్రిక పట్టి, పదిమందికని చేసిన బల్ల. దాని చుట్టూ అంతకంటే ఎక్కువమందే ఉన్నారు, చేసినవాడు తప్ప.

పళ్లెం చేతిలోకి తీసుకుని, గుమ్మానికి ఒక పక్కగా నిలబడ్డాడు. ఎవరికీ అడ్డం కాకుండా, అందరూ కనపడేలా నిలబడి, తీరిగ్గా తినడం మొదలుపెట్టాడు.